ఇలారీ అడిగిన చక్రాలు

వెతూరియా మొదటి చక్రాన్ని నేల మీద దొర్లించి చూసింది. రెండోదాన్ని గోటితో గీకింది. మూడోదాన్ని ఎత్తి వెలుతురుకి పెట్టింది. నాలుగోదాన్ని చూడగానే పక్కకి తోసేసింది.

"ఇది అతుకు పెట్టింది."

రొమేనియాలో, క్రయోవా ఊరి శివార్లలో పాత కార్లు విప్పి అమ్ముకునే పెట్రాకేకి ఇలాంటి గిరాకీ ఎప్పుడూ తగల్లేదు. తలకి గుడ్డ కట్టుకుని, చేతిలో గుడ్లబుట్టతో వచ్చి అల్లాయ్ చక్రాలు అడిగిన పెద్దావిడ!

"లోపలివైపు అతుకమ్మా. బిగించాక ఎవరికి కనబడుద్ది? మీ ఆయన కింద పడుకుని చూస్తాడా ఏంటి?"

"చూస్తాడు," అంది వెతూరియా.

పెట్రాకే గొణుక్కుంటూ చక్రాల గుట్ట ఎక్కి, అదే రకం చక్రం ఇంకోటి లాక్కొచ్చాడు.

"అంత పట్టింపున్న మనిషి తనే రావచ్చుగా?"

"రాగలిగితే నేనెందుకొస్తాను?"

"పనికి పోయింది ఇటలీయా, స్పెయినా?"

"ఇంకా దూరం."

"అయితే ఇంగ్లండే," అని పెట్రాకే తలాడించాడు. అతని బావమరుదులు ఇద్దరూ అక్కడే పనిచేస్తున్నారు.

ఆవిడ వెనకాల ఆడపడుచు కొడుకు డోరు నిలబడ్డాడు. పగలు రొట్టెల వ్యాను నడుపుతాడు. మిగిలిన వేళల్లో అత్తకి ఎక్కడికి కావాలంటే అక్కడికి కారు తోలిపెడతాడు.

"అత్తా, నల్లరంగు వేయిద్దామే. ఇప్పుడందరూ నలుపే."

"అడిగింది నువ్వా, మీ మామయ్యా?"



ఆవిడ భర్త ఇలారీ ఈ చక్రాలు అడగడం ఇప్పుడు కొత్త కాదు. ఎవరి పెళ్ళిలోనో తోడల్లుడి కారుకి చూసినప్పటి నుంచి అడుగుతూనే ఉన్నాడు. వెండిరంగు, ఐదు కమ్మీలు. అడిగినప్పుడల్లా ఆవిడ ఏదో ఒకటి అడ్డం వేసింది. ఇంటికప్పు కారుతోంది అంది. ఆవుకి బాలేదు అంది. చివరిసారి మాత్రం కాస్త గట్టిగానే అంది. "ఇనుప చక్రాలు దొర్లనంటున్నాయా?"

ఆ తర్వాత ఆయన అడగలేదు. వెళ్ళేటప్పుడు కూడా ఆ ఊసెత్తలేదు. అదే ఆవిడకి మింగుడు పడలేదు.

ఇప్పుడు మళ్ళీ మొదలుపెట్టాడు. తెల్లవారుజామున, కోడి కూయకముందు. "చక్రాలేవే?" ఆ ఒక్క మాటే. ఎలా ఉన్నావని కూడా అడగడు. ఈవిడ జవాబు చెప్పేలోపే అయిపోతుంది. ఇక ఆ రోజంతా ఆవిడకి ముద్ద దిగదు. ఆయన కోపం పోవాలి. చక్రాలు అందితేగాని పోదు.

పెట్రాకే ధర చెప్పాడు. సగానికి అడుగుతుందని రెండింతలు చేసి చెప్పాడు. ఆవిడ చెప్పినంత డబ్బూ తీసి ఇచ్చేసింది.

"అదేంటమ్మా, బేరమాడవా?" పెట్రాకే నిజంగానే నొచ్చుకున్నాడు.

"ఇలాంటి వాటికి బేరమాడకూడదు."

పెట్రాకేకి మనసొప్పక ఒక డబ్బాడు బోల్టులు ఊరికే ఇచ్చాడు. "ఇనుప చక్రాల బోల్టులు వీటికి పొట్టి. ఇవి వాడండి. లేకపోతే దారిలో చక్రం ఊడి వస్తది."

"రంగు కూడా నువ్వే వెయ్యాలి. శనివారానికి కావాలి."

"ఓహో, శనివారమా!" అన్నాడు పెట్రాకే. "మొగుడొచ్చే వేళకి సింగారించి పెడతావన్నమాట!"

వెతూరియా గుడ్లబుట్ట బల్ల మీద పెట్టి, ఒక పాత కారు సీటు లాక్కుని షెడ్డు గుమ్మంలో కూర్చుంది.

పెట్రాకే ఇసుక జల్లు కొట్టి పాత రంగు ఊడగొట్టాడు. కాలిబాటలకి రాసుకుని అంచుల్లో పడ్డ గాట్లు అరగదీశాడు. పొడిరంగు చల్లి పొయ్యిలో కాల్చాడు. చల్లారాక ఆవిడ వేలితో తడిమింది.

"ఇక్కడ నలుసుంది."

"అది నలుసు కాదమ్మా, నా ప్రారబ్ధం," అంటూ పెట్రాకే ఆ చక్రాన్ని మళ్ళీ గీకి, మళ్ళీ కాల్చాడు. "పాత చక్రాలు పాత చక్రాల్లా ఉంటే తప్పేంటి?"

"అక్కడ నలుగురూ చూస్తారు. పెళ్ళాం వాడేసిన సరుకు అంటగట్టిందని అనుకోరూ?"

శుక్రవారం పెరట్లో డోరు మామయ్య కారుని జాకీ మీద లేపాడు. ఇనుప చక్రాలు విప్పి, కొత్తగా మెరుస్తున్నవి ఎక్కించాడు. బోల్టులు ఎదురెదురుగా బిగించాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. మొహం మీదకి నవ్వు వచ్చింది. అత్త చూస్తోందని దాన్ని మింగేశాడు.

"మామయ్యకి నచ్చుతాయంటావా?"

"నచ్చకపోతే మళ్ళీ వస్తాడుగా," అంది వెతూరియా.

శనివారం పొద్దున్నే లేచి జడలా అల్లిన రొట్టె కాల్చింది. క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టి ఇలారీకి ఇష్టమైనట్టు పొగవాసన వచ్చేలా వండింది. ఎర్రటి వైను సీసాలో పోసింది. మంచి బట్టలు కట్టుకుని ముందు సీట్లో కూర్చుంది.

"మెల్లిగా పోనీరా. బురద చిందిందంటే ఊరుకోను."

దూరదేశాల నుంచి వచ్చే బస్సులు ఆగేచోట పక్కింటి మరియోరా చెయ్యి ఊపింది. "అబ్బో, వెతూరియా! చక్రాలు అదిరిపోయాయే!"

"ఆయనవే," అంది వెతూరియా, గర్వంగా.

కారు అక్కడ ఆగలేదు. చర్చి వెనకవైపుకి మళ్ళింది. ఫాదర్ అప్పటికే వచ్చి ఎదురుచూస్తున్నాడు. కార్లకి పవిత్రజలం చల్లడం ఆయనకి రోజూ ఉండేదే. చల్లాడు. చక్రాల మీద రెండు చుక్కలు ఎక్కువే చల్లాడు.

ఆయన సాంబ్రాణి ఊపడం అయ్యాక వెతూరియా ఒక్కో చక్రం ముందూ ఒక్కో కొవ్వొత్తి వెలిగించి, కారు తాళాన్ని ఇలారీ సమాధి మీదుగా, ఆయన పేరున దానంగా, డోరు చేతికి అందించి, "ఇక్కడ నువ్వు నడుపు నాయనా, అక్కడ ఆయన నడుపుకుంటాడు," అంది.