మీటరు లేని దుప్పటి

“మీటరున్నదే తీసుకుందాం,” అన్నాడు అన్న, మూడోసారి.

“మీటరు లేనిదే చాలు,” అంది చెల్లెలు, మూడోసారి.

కొట్టు పెద్దాయన ఇద్దరి ముఖాలనూ మార్చి మార్చి చూశాడు. బల్ల మీద రెండు జతల టైర్ వార్మర్లు పరిచి ఉన్నాయి. పేరు పెద్దదే గానీ, చూపుకు అవి నల్లని మందపాటి దుప్పట్లు. లోపల వేడి తీగలు. బైకు పోటీకి ముందు గంటసేపు చక్రాలకు చుట్టి ఉంచితే రబ్బరు మెత్తబడి నేలను పట్టుకుంటుంది. చల్లని టైరుతో ట్రాక్ మీదికి దిగితే మొదటి మలుపే చివరి మలుపు. పోయిన ఏడాది పోటీలో వీళ్ల పక్క గుడారంలోని మనిషి అలాగే దిగాడు. హెల్మెట్ ఇంటికి చేరింది. అతను చేరలేదు.

అన్న మెకానిక్. చెల్లెలు రేసర్. ఆమెకు అతను పెట్టుకున్న ముద్దుపేరు పిట్ట. ఇద్దరికీ ఒకే వ్యాను, ఒకే బండి, ఒకే బతుకు.

“మీటరుంటే ఎంత కాగిందో అంకెల్లో కనబడుతుందమ్మా,” అన్నాడు పెద్దాయన. “కాకపోతే జనరేటరు కరెంటు అటూ ఇటూ అయిందంటే ఈ పెట్టె అలుగుతుంది. రెండోదానికి ఆ అలకల్లేవు. దానికి కాగడమొక్కటే తెలుసు. ఎంత కాగిందో మనమే చూసుకోవాలి.”

“చూడ్డానికి మా అన్నయ్య చెయ్యుందిగా.”

అన్న తలెత్తలేదు. “చెయ్యి మనిషిది పిట్టా. మనిషి ఎప్పుడూ ఒకేలా ఉండడు. అంకె అట్లా కాదు.”

“ఈయనకు వినయం జాస్తి లెండి,” అంది ఆమె పెద్దాయనతో. “పోయిన ఏడు ఒక పెద్ద జట్టువాళ్లు నన్ను రమ్మన్నారు. కొత్త బండి, జీతం, సమస్తం. మెకానిక్ మాత్రం వాళ్ల మనిషేనట. మా అన్నయ్య చెయ్యి పడని టైరు మీద నేను కూర్చోనని చెప్పి వచ్చేశా.”

“తెలివైన పని చేశావో, తిక్క పని చేశావో.”

“మా ఇంట్లో రెండింటికీ ఒకటే పేరండీ.”

పెద్దాయన నవ్వాడు. అన్న నవ్వలేదు.

అప్పుడామెకు ఒక ఆట తోచింది. వచ్చినవాళ్లకు చూపడం కోసం, కొట్టు మూలన ఒక చక్రానికి మీటరు దుప్పటి చుట్టి పొద్దుటి నుంచి కాగబెడుతున్నారు. ఆమె మీటరు పెట్టెను పెద్దాయన చేతిలో పెట్టి, అంకెలు ఆయనకు తప్ప ఎవరికీ కనబడకుండా ఆయనవైపే తిప్పి పట్టుకోమంది. దుప్పటి అంచు పైకెత్తింది.

“చెప్పన్నయ్యా, ఎన్ని డిగ్రీలుంది?”

అన్న కొట్టంతా ఒకసారి కలియజూశాడు. తరువాత అరచెయ్యి టైరుకు ఆనించాడు. ఆనించి, అలాగే ఉంచాడు. ఉంచే కొద్దీ పెద్దాయనకు భయం వేసింది.

“చాలు బాబూ, బొబ్బలెక్కుతాయి.”

“మా అన్నయ్యది ఇనుప చెయ్యండీ,” అంది ఆమె గర్వంగా.

అన్న చూపు చక్రం మీద లేదు. పెద్దాయన భుజం వెనుక, అద్దాల బీరువాలో మెరిసే చిన్న ఎర్రటి వెలుగు మీద నిలిచి ఉంది. కళ్లు చికిలించి, మెల్లగా, “డెబ్బై రెండు,” అన్నాడు.

పెద్దాయన పెట్టెలోకి చూశాడు. అన్న వంక చూశాడు. మళ్లీ పెట్టెలోకి చూశాడు.

“అక్షరాలా డెబ్బై రెండేనమ్మా.”

“ఇంక మీటరెందుకు చెప్పండి?” మీటరు లేని జతను ఆమె చంకన పెట్టుకుంది.

“పిట్టా, ఈ ఒక్కసారికి నా మాట విను.”

“నీ చెయ్యి చెప్పిన మాట విన్నాగా.”

అన్న మీటరున్న జతను ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. ఆమె వెనకే నడిచాడు.

పోటీనాడు ఆకాశం మసిగుడ్డలా వేలాడింది. ఎముకలు కొరికే గాలి. బండి స్టాండు మీద ఉంది. చక్రాలకు కొత్త దుప్పట్లు ఉన్నాయి. అరగంట గడిచిందో లేదో, జనరేటరు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. అన్న దాన్ని విప్పాడు, తుడిచాడు, బిగించాడు, బతిమాలాడు. చివరికి అది కదిలింది. ఈలోగా ఎంతసేపు పోయిందో ఎవరూ చూసుకోలేదు. టైర్లు మళ్లీ కాగాయో లేదో చెప్పడానికి ఎక్కడా ఒక్క అంకె లేదు.

మైకులో పిలుపు వచ్చింది. బండ్లన్నీ గీత మీదికి రావాలి.

ఆమె హెల్మెట్ బిగించుకుని బండెక్కింది. అన్న దుప్పట్లు లాగేశాడు.

“వేడెక్కిందా అన్నయ్యా?”

అతను ముందు టైరు మీద అరచెయ్యి పెట్టాడు. వెనుక టైరు మీద పెట్టాడు. తరువాత మోకాళ్ల మీద కూర్చుని, చెంప టైరుకు ఆనించబోతున్నట్టుగా వంగాడు.

“ముద్దులు తర్వాత పెట్టుకుందువుగానీ లే. గేటు మూసేస్తున్నారు.”

ఇంజను గర్జించింది. చక్రం అతని ముఖం ముందు నుంచి జరిగిపోయింది. అతను లేచి, ఎదురుగా వెళ్లి, ఆగమన్నట్టు అరచెయ్యి ఎత్తాడు. ఏదో అరిచాడు కూడా. ఆ హోరులో మాట పోయింది, చెయ్యి ఒక్కటే మిగిలింది. ఆ చెయ్యి తనకు సరేనన్నదని ఆమె అనుకుంది. హెల్మెట్‌లో నవ్వుతూ, దాటిపోతూ, తన తొడుగు చేతితో ఆ అరచేతిని ఫట్టుమని చరిచి, మొదటి మలుపు వైపు దూసుకుపోయింది.

ఆ చరుపు అతనికి తెలియలేదు; ఆ చేతుల్లో స్పర్శ పోయి అప్పటికి ఏడు నెలలు.