పదిహేను వేల పౌన్ల రివాల్వర్

“సంతకం పెట్టను. వెళ్లి మీ ఇన్‌స్పెక్టర్ టీఐ సాబ్‌తో చెప్పుకో.”

రిటైర్డ్ రైల్వే గార్డు భీమారావు సోఫాలో కాలు మీద కాలేసుకున్నాడు. ఎదురుగా పోలీస్ థానా కానిస్టేబుల్ శివాజీ రిజిస్టరు పట్టుకుని నిలబడ్డాడు.

“అది కాదంకుల్, మళ్లీ చునావ్ వచ్చింది. మీ రివాల్వర్ సంగతి ఇవాళ తేల్చుకు రమ్మన్నారు. మీరేమో...”

“ఆగు. మీ టీఐ నడుముకుండేదేంటి? నైన్ ఎమ్ఎమ్. తూటా పేలితే లోపల చదరపు అంగుళానికి ముప్పై అయిదు వేల పౌన్ల ప్రెషర్. నాది పాయింట్ త్రీ టూ. పదిహేను వేలు. ఆయనది రాజధాని ఎక్స్‌ప్రెస్సు, నాది తిల్దా ప్యాసింజరు. దీనికోసం థానా అంతా ఇంత కంగారా?”

పేపరు కోసమొచ్చిన పక్కింటి అమ్మిరాజు, పేపరు చేతికొచ్చినా కదల్లేదు.

“ఎలక్షన్లొస్తే లైసెన్సున్నవాళ్లంతా థానాలో జమ చెయ్యాలటగా అన్నగారూ? పోనీ ఇచ్చెయ్యండి. తిల్దా ప్యాసింజరేగా.”

“ప్రెషర్ తక్కువైతే కుదుపు తక్కువ. కుదుపు తక్కువైతే గురి కుదురుతుంది. చేతిలో దమ్ముండాలిగానీ పదిహేను వేలు చాలు.”

అమ్మిరాజు తలూపాడు. అపార్టుమెంటులో నీడున్న పార్కింగ్ ఒక్కటే. ఇంట్లో రివాల్వరున్న మనిషితో మనకెందుకని అందరూ దాన్ని భీమారావు స్కూటరుకి వదిలేశారు. అమ్మిరాజు కొత్త కారు ఎండలో మాడుతోంది. ఆయన చూస్తుండగా ఈ సంతకం పడిందంటే, సాయంత్రానికి స్కూటరు ఎండలోకి రావాల్సిందే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

“పెట్టేయండి, పీడా పోతుంది,” వంటింట్లోంచి సుభద్ర అంది. “ఐదేళ్లుగా ఆ బీరువా తాళం మొలతాడుకి కట్టుకుని తిరుగుతున్నారు. నన్ను దుమ్ము కూడా దులపనివ్వరు.”

“నువ్వు పప్పు సంగతి చూడు.”

“అంకుల్, ఒక్క మాట వినండి...”

“వినను. మీ ఎస్పీ సాబ్ వచ్చినా పెట్టను. జీపెక్కించుకో, లాకప్‌లో కూర్చోబెట్టు. ఈ భీమారావు భయమంటే...”

కుక్కర్ విజిలేసింది.

భీమారావు రెండు చెవులూ మూసుకుని సోఫా వెనక్కి దూకాడు. వచ్చినప్పట్నుంచీ శివాజీకి మాట పూర్తిచేసే సందు దొరికింది అప్పుడే.

“పోయిన చునావ్‌కి మా థానాలో జమ చేసిన మీ రివాల్వర్‌ని ఇకనైనా సంతకం పెట్టి ఇంటికి తెచ్చుకోండంకుల్.”