తొంభై మూడు పోసిన బండి

“ఇవాళ తొంభై మూడు పోయించండి” అంది సంయుక్త వెనక సీట్లోంచి.

ముందు సీట్లో, ఒళ్ళో సంచీ పెట్టుకుని కూర్చున్న కనకలక్ష్మి చటుక్కున వెనక్కి తిరిగింది. ఆ పెట్రోలు బంకులో రెండు పంపులున్నాయి. ఒకదాని మీద 87 అని, రెండోదాని మీద 93 అని రాసి ఉంది. ఇన్నాళ్ళూ ఈ పాత కారు మొదటిదే తాగింది. స్టీరింగు పట్టుకున్న ఆవిడ కొడుకు ఉదయ్ భాస్కర్ వెంటనే రెండో పంపు దగ్గరికి పోనిచ్చాడు.

“ఏమిట్రా తేడా?” అంది తల్లి.

అందులో ఆక్టేన్ ఎక్కువనీ, ఇంజన్ మెత్తగా నడుస్తుందనీ, ఆఫీసులో అందరూ అదే పోయిస్తున్నారనీ కోడలే చెప్పింది. ఆక్టేన్ సంగతి కనకలక్ష్మికి తెలియదు. అంకెల సంగతి బాగా తెలుసు. ఇంజనీరింగులో తన కొడుక్కి వచ్చింది ఎనభై ఏడు శాతం. సంయుక్తకి తొంభై మూడు. పెళ్ళిలో వియ్యపురాలు ఆ మాట వడ్డన దగ్గర ఒకసారి, అప్పగింతల దగ్గర ఒకసారి చెప్పింది. ఇప్పుడా తొంభై మూడు కార్లోకి కూడా ఎక్కింది.

హఫీజ్‌పేట నుంచి మాదాపూర్ దాకా దారంతా రాళ్ళ లారీలు. కొడుక్కి ఏమవుతుందోనని ఆవిడ రోజూ పొద్దున్నే పక్కన కూర్చుని ఆఫీసు దాకా వెళుతుంది. లారీ కనబడితే “మెల్లిగా” అంటుంది. కొడుకూ కోడలూ లోపలికి వెళ్ళాక బస్సులో తిరిగొస్తుంది. పెళ్ళయి మూడు నెలలైనా ముందు సీటు ఆవిడదే. కోడలు వెనకే. ఇవాళ పెట్రోలు మార్చిన పిల్ల రేపు సీటు మార్చమనదని ఏమిటి నమ్మకం?

ఆ వారమంతా కారు ఎప్పటి చప్పుడే చేసింది. ఉదయ్ మాత్రం అద్దంలోకి చూసి, “నిజమే, తేడా తెలుస్తోంది” అనేవాడు. వెనకొచ్చే లారీలు చూసుకోవలసిన అద్దంలో వాడు పెళ్ళాన్ని చూసుకుంటున్నాడు. కనకలక్ష్మికి అన్నం సహించలేదు.

శుక్రవారం బస్సు దిగి నేరుగా మెకానిక్ మొగిలి షెడ్డుకి వెళ్ళింది. ఆ కారుకి మొదటినుంచీ మరమ్మతులు చేసేది అతనే.

“ఈ బండికి ఎనభై ఏడే సెట్ చేసి ఉన్నదమ్మా. తొంభై మూడు పోసినా గట్లనే నడుస్తది. ఫాయిదా ఏం లేదు” అన్నాడు మొగిలి.

“చెడిపోతుందా?”

“ఏం గాదు. ఫికర్ చెయ్యకు.”

ఆవిడకి అసలు ఫికర్ అప్పుడు పట్టుకుంది. ఏమీ కాదంటే కోడలు గెలిచినట్టే.

“చెడిపోతుందని మావాడితో చెప్పు” అంది.

“అబద్ధం చెప్పాల్నా?”

“అబద్ధం కాదయ్యా. కాస్త భయపెట్టు. మళ్ళీ ఎనభై ఏడే పోయిస్తాడు.”

మొగిలి కుదరదన్నాడు. ఆవిడ అక్కడున్న స్టూలు మీద కూర్చుంది. అరగంటైనా లేవలేదు. పని చేసుకోనివ్వదని తెలిసి, సరేనన్నాడు.

ఆదివారం ఇంటికొచ్చి బానెట్ ఎత్తాడు. ఉదయ్, సంయుక్త చెరో పక్కా నిలబడ్డారు. కనకలక్ష్మి గుమ్మంలోంచి చూస్తోంది. మొగిలి చాలాసేపు అదీ ఇదీ ముట్టుకున్నాడు.

“తొంభై మూడుకు ఈ ఇంజన్ తట్టుకోలే సార్. లోపల కరాబైంది.”

సంయుక్త తన వల్లే అయిందని నసిగింది. ఆ క్షణం కోసమే కనకలక్ష్మి రెండు రాత్రులు నిద్ర మానుకుంది.

“పోనీలేమ్మా. పరీక్షలు వేరు, ఇంజన్లు వేరు” అంది మెత్తగా.

మళ్ళీ ఎనభై ఏడు పోయిస్తే బాగవుతుందా అని ఉదయ్ అడిగాడు. మొగిలి గుమ్మం వైపు చూశాడు. కనకలక్ష్మి గట్టిగా తలాడించింది. బాగవుతుందని చెప్పమని ఆవిడ ఉద్దేశం. ఇంకా భయపెట్టమంటోందని అతను అనుకున్నాడు.

“ఇగ కష్టమే సార్. ఏ రోజో నడిరోడ్డు మీద ఆగిపోతది.”

మంగళవారం సాయంత్రం ఉదయ్ కారు లేకుండా ఇంటికొచ్చాడు. కనకలక్ష్మి గేటు దాకా వెళ్ళి వీధిలోకి చూసింది. కారేదిరా అని నాలుగుసార్లు అడిగింది.

“అమ్మేశానమ్మా. నిన్ను కూర్చోబెట్టుకుని వెళుతుంటే దారిలో ఆగి, వెనకనుంచి లారీ వస్తే? నీ భయం నాకూ అంటుకుంది. ఆ డబ్బుతో రేపు కొత్త బండి తెస్తున్నా.”

నిన్ను కూర్చోబెట్టుకుని అన్నాడు. సంయుక్తని అనలేదు. ఆ మాట నెమరేసుకుంటూ కనకలక్ష్మి చాలా రోజుల తర్వాత కడుపునిండా తింది. కొత్త కారు తొంభై మూడే తాగితే తాగనీ, ముందు సీటు తనది.

మర్నాడు కొడుకూ కోడలూ ఆఫీసుకి సెలవు పెట్టి బండి తేవడానికి వెళ్ళారు. కనకలక్ష్మి గేటు ముందు నీళ్ళు చల్లి ముగ్గేసింది. పళ్ళెంలో పసుపు, కుంకుమ, హారతి కర్పూరం, నాలుగు చక్రాల కిందికి నాలుగు నిమ్మకాయలు పెట్టుకుంది. కొత్త కారు మొదటిసారి ఎక్కేటప్పుడు కట్టుకోవాలని రాత్రే తీసిపెట్టుకున్న గద్వాల చీర కట్టుకుంది.

పదకొండు గంటలకి వీధి మలుపులో హారన్ వినబడింది. కొత్త మోటార్ సైకిల్ నడుపుతూ ఉదయ్, వెనక అతని భుజం పట్టుకుని సంయుక్త గేటు ముందుకొచ్చి ఆగారు.