కనపడని బీట

ఆపరేషన్ గది బయట బెంచీల మీద దళం మొత్తం కూర్చుని ఉంది. స్టోరు బాబాయ్ మాత్రం గోడకు ఆనుకుని నిలబడ్డాడు. వాళ్ల పక్కన కూర్చోవడానికి ఆయనకు మొహం చెల్లలేదు.

ముప్పై ఏళ్లుగా ఆ పోలీసు దళానికి తుపాకులూ, హెల్మెట్లూ, బుల్లెట్ ప్రూఫ్ జాకెట్లూ ఇచ్చి పుచ్చుకునేది ఆయనే. జాకెట్లో గుండెకు అడ్డంగా పింగాణీ ప్లేటు ఒకటి ఉంటుంది. అది కింద పడితే పైకి చెక్కుచెదరకపోయినా లోపల బీటవారి ఉండొచ్చు. ఎక్స్‌రే తీసేదాకా ఎవరికీ ఇవ్వకూడదు. కొత్తగా చేరిన ప్రతివాడికీ ఆ పాఠం చెప్పిన మనిషి చేతిలోంచే నిన్న ఉదయం ఒక ప్లేటు జారి నేల మీద పడింది.

స్టోరులో మారు ప్లేటు లేదు. కాగితం రాస్తే విచారణ. రిటైర్మెంటుకా, ఇంకా రెండు నెలలే. ఏమీ కాదులే అనుకుని జాకెట్లో సర్దేశాడు. మధ్యాహ్నానికల్లా దళానికి పిలుపొచ్చింది. అందరికంటే ముందు లోపలికి దూరిన సుత్తికి ఛాతీ మీద తూటా తగిలింది. ప్లేటు రెండు ముక్కలైంది.

సుత్తి అంటే తలుపులు బద్దలుకొట్టేవాడు. వాగుడు మొదలుపెడితే ఆపడు కాబట్టి ఆ పేరు రెండు విధాలా అతికింది. ఇప్పుడా నోట్లో గొట్టం పెట్టారు.

డాక్టరు బయటికొచ్చి ప్రాణభయం లేదన్నాడు. ఒక ఊపిరితిత్తి మాత్రం దెబ్బతిందనీ, ఇక దళంలో పనికిరాడనీ చెప్పాడు.

స్టోరు బాబాయ్ ఇక ఆగలేకపోయాడు. అందరి ముందూ సుత్తి తల్లికి చేతులు జోడించి, ప్లేటు పడిన సంగతి చెప్పేశాడు. కంచే చేను మేసిందమ్మా అని ఏడ్చాడు.

ముప్పై ఏళ్లలో ఒక్క పొరపాటు, నువ్వు చెప్పకపోతే ఎవరికీ తెలిసేదే కాదన్నాడు కమాండరు. దళంలోనే పనిచేస్తున్న స్టోరు బాబాయ్ కొడుకు లేచి వచ్చి తండ్రి భుజం పట్టుకున్నాడు.

సుత్తి తల్లి ఆయన చేతులు కిందికి దించింది.

"నువ్వు కావాలని చేశావా అన్నయ్యా? మావాడి రాత అలా ఉంది. పన్నెండు మందిలో వాడి ప్లేటే పడాలా?"

ఆయన తల ఇంకా కిందికి వాలిపోయింది.

పడింది తన కొడుకు ప్లేటని, పిలుపొచ్చాక దాన్ని తీసి సుత్తి జాకెట్లోకి మార్చింది తానేనని చెప్పడానికి మాత్రం ఆయనకు నోరు పెగల్లేదు.