గట్టున కూర్చున్న బాబాయి

లాండ్రీ అక్క మళ్లీ మునిగిపోయింది.

ఆ రోజుకి అది తొమ్మిదోసారి.

"నువ్వు ఈత నేర్చుకునేలోపు నాలుగైపోతుంది వదినా," అన్నాడు మరిది, టేపుతో గోడ కొలుచుకుంటూ.

బట్టలు ఉతికేదాకా లాండ్రీలో కూర్చునేవాళ్లకి కాలక్షేపంగా ఉంటుందని అక్క వాళ్ల నాన్న ఎప్పుడో ఒక వీడియో గేమ్ పెట్టించాడు. మనిషెత్తు చెక్క పెట్టె, ఆడేందుకు ఒక కర్ర, రెండు బొత్తాలు. అందులో ఆఖరి లెవెల్ నీళ్ల అడుగున. తెర మీద ఒక ఈతగాడు, పైన వాడి ఊపిరికి గుర్తుగా ఒక నీలం గీత. గీత అరిగిపోయేలోపు గుహ దాటాలి. తీరా గుహ దగ్గరికి వెళ్తే ప్రవాహం వెనక్కి నెట్టేస్తుంది.

ముప్పై ఏళ్లలో ఆ గుహ దాటినవాళ్లు ఆ వీధిలో లేరు. నాన్న కూడా దాటలేదు. "నావల్ల కాలేదు, ఇక నువ్వే చూసుకో తల్లీ" అని నవ్వుతూనే కన్నుమూశాడు. అందుకే ఆ పెట్టె అంటే అక్కకి ప్రాణం.

మరిదికి మాత్రం ఆ జాగాలో బట్టలు ఆరబెట్టే రెండో మెషీన్ కావాలి. వాదించి వాదించి ఇద్దరూ ఒక పందెం వేసుకున్నారు. శనివారం నాలుగింటికి మెషీన్ వ్యాన్ వస్తుంది. ఆలోపు అక్క గుహ దాటితే పెట్టె ఉంటుంది. దాటకపోతే పాతసామాన్లవాడి పాలు.

ఇప్పుడు శనివారం, మూడున్నర.

"ఈ కర్ర సరిగ్గా తిరిగి చావట్లేదు," అంది అక్క.

"ఆడలేక మద్దెల ఓడన్నారట."

బెంచీ మీద కూర్చున్న కోటు బాబాయి మీసాల్లోనే నవ్వుకున్నాడు.

ఆయన పేరేమిటో ఎవరికీ తెలియదు. డెబ్బై దాటి ఉంటాయి. ఏడాదిగా ప్రతి శనివారం అదే కోటు తెస్తాడు. దాని మీద మరక ఉండదు, మురికీ ఉండదు. "ఈయన కోటు వాడకానికి కాదు, మా సబ్బుకే అరిగిపోతుంది" అని అక్క అందరితో చెప్పి నవ్వేది. చీటీ మీద పేరు రాయమంటే కళ్లజోడు పెట్టుకున్న చేప బొమ్మ గీసి ఇస్తాడు. ఈ వయసులో ఇదేం చేష్ట అనుకుంటూ అక్క ఆ చీటీల్ని సొరుగులో పడేసేది.

కోటు ఉతికేదాకా గేమ్ ఎదురుగా కూర్చుని, ఆడేవాళ్లనే చూస్తుంటాడు. తాను మాత్రం ఎన్నడూ కర్ర ముట్టుకోలేదు. మీరూ ఓ చెయ్యి వేయమంటే, "వద్దమ్మా, నాకు చూడటమే బాగుంటుంది" అంటాడు.

అక్క పదోసారి నీళ్లలో దిగింది. నీలం గీత సగమైంది. అక్క బుగ్గలు బూరెల్లా ఉబ్బాయి.

"ఊపిరి తీసుకోమ్మా," అన్నాడు కోటు బాబాయి. "నీళ్లు అక్కడున్నాయి, నువ్విక్కడున్నావు."

అక్క వినిపించుకోలేదు. గుహ వచ్చింది. కర్రని ముందుకు నొక్కి పట్టింది.

"చేతులు తీసెయ్యమ్మా. కర్ర వదిలెయ్."

అక్క తల తిప్పి చూసింది. ఆ ఒక్క క్షణంలో ఈతగాడు కాస్తా మునిగాడు.

"గట్టున కూర్చున్నవాళ్లు ఎన్నైనా చెబుతారు బాబాయ్ గారూ." గొంతు కాస్త గట్టిగానే లేచింది. "ఏడాదిగా ముట్టుకోని మీరు కూడా పాఠాలు చెబితే ఎలా?"

"తప్పేనమ్మా," అన్నాడాయన.

మరిది కోటు మడిచి చేతికిచ్చాడు. బాబాయి దాన్ని భుజాన వేసుకున్నాడు.

"వచ్చే వారం నుంచి రానమ్మా. మా అమ్మాయి వాళ్ల ఊరు వెళ్లిపోతున్నాను. బస్సుకి టైమైంది."

"మంచిదండీ," అంది అక్క, తెర మీంచి కళ్లు తిప్పకుండానే.

ఆయన వెళ్తూ వెళ్తూ చెక్క పెట్టె పక్కన అరచేత్తో మెల్లగా రెండుసార్లు తట్టాడు. అది మరిది ఒక్కడే చూశాడు.

నాలుగవడానికి ఐదు నిమిషాలుంది. బయట వ్యాన్ హారన్ మోగింది. మిగిలింది ఒక్క ఆట.

గుహ వచ్చింది. నీలం గీత వేలెడు కూడా లేదు. మునిగినవాడికి చలేమిటి అనుకుని అక్క కర్ర వదిలేసింది.

ప్రవాహం ఈతగాడిని వెనక్కి నెట్టింది. కిందికి లాగింది. కానీ ఈదడం మానేసిన మనిషికి ఊపిరి ఖర్చవదేమో, నీలం గీత అరగడం ఆగిపోయింది. నీళ్లే వాడిని బండ చుట్టూ తిప్పి, వెనకనుంచి ఎత్తి, గుహలోంచి అవతలికి తోసేశాయి.

మరిది చేతిలో టేపు టప్పున చుట్టుకుపోయింది.

"ఏం చేశావ్ వదినా?"

"ఏం చెయ్యలేదు," అంది అక్క. నవ్వుతోంది, కళ్లనీళ్లు తుడుచుకుంటోంది. "దాటాను నాన్నా" అని పైకే అనేసింది.

"మాటంటే మాటే," అన్నాడు మరిది. "మెషీన్ మెట్ల కింద పెట్టించుకుంటా. మెట్లు తలకి తగిలితే నన్ననకు."

అప్పుడు గుర్తొచ్చాడు అక్కకి కోటు బాబాయి. ఆయన చెప్పినట్టే చేసింది మరి. ఆయన్ని అంత మాట అనేసింది కూడా. గబగబా వీధిలోకి పరుగెత్తింది. బస్సు మలుపు తిరిగిపోతోంది. చెయ్యి ఊపింది కానీ ఎవరూ చూడలేదు.

"వదినా, ఇంకా ఏదో వస్తోంది, రా."

అక్క లోపలికొచ్చింది. ముప్పై ఏళ్లుగా ఆ వీధిలో ఎవరూ చూడని ఆఖరి తెర అది.

నీళ్లలోంచి కళ్లజోడు పెట్టుకున్న చేప ఒకటి తీరిగ్గా ఈదుకుంటూ వచ్చి మధ్యలో ఆగింది, దాని కింద రెండు వరుసలు వెలిగాయి: "ఈ నీళ్లు నేను చేసినవే. ఇంతసేపూ ఊపిరి బిగబట్టించినందుకు మన్నించండి."