లోపలివైపు వేలిముద్ర

పగలు రొయ్యల లారీలకు నేల అదురుతుంది. అందుకే ముమ్మిడివరం దారిలోని ఆ షెడ్డులో లెన్సుల అచ్చులు రాత్రిపూటే అరగదీస్తారు. అచ్చుకు వాడే కార్బైడ్ బిళ్ళ ఇనుముకన్నా గట్టిది, గాజులా పెళుసు. ఆ రాత్రి అప్పటికే రెండు పగిలిపోయాయి. అరచేతిలో పట్టే ఈ మూడోదే ఆఖరిది. కంపెనీ మనిషి తెల్లారి వచ్చేసరికి ఇది సిద్ధంగా లేకపోతే షెడ్డు మూసుకోవాల్సిందే.

గణపతి మిషను ఆపి పక్కకు జరిగాడు. భార్య రేవతి భూతద్దం పెట్టి చూసింది.

"వేలిముద్ర పడిందండీ. పసిపిల్లల వేలంత ఉంది."

స్పిరిటుతో తుడిచాడు. పోలేదు. వజ్రం తప్ప మరేదీ గీత పెట్టలేని ఆ నునుపులో ముద్ర అలాగే ఉంది. వెంట్రుకలో పదోవంతు మందాన పైపొర తీసేశాడు.

"పోయిందా?"

రేవతి మళ్ళీ భూతద్దం పెట్టి చూసింది.

"ఇప్పుడు ఐదు వేళ్ళూ ఉన్నాయండీ. అద్దం అవతల నుంచి నొక్కినట్టున్నాయి."

"ఇంకొక్క పొర తీస్తాను. అంతకుమించితే కొలత తప్పిపోద్ది."

"వద్దండీ." ఆమె అతని మోచెయ్యి పట్టుకుంది. "మనం తీసేకొద్దీ దానికి అడ్డు తగ్గిపోతంది."

అది నిజమేనని అతనికీ తెలుసు. కానీ గడియారం నాలుగు దాటింది. చెయ్యి విడిపించుకుని స్విచ్చి వేశాడు.

డైమండ్ చక్రం నెమ్మదిగా దిగసాగింది. అచ్చుకు ఇంకా బెత్తెడు ఎత్తునే ఉంది.

గీరుతున్న చప్పుడు మాత్రం అప్పుడే మొదలైపోయింది.