నడుము తిప్పి కొట్టిన దెబ్బ

కాటుక అనే ఎలుగు తన పెద్దపిల్లను చిరుత నోట కరుచుకుపోతుంటే వెంటపడి చేతులు నొప్పెట్టేదాకా కొట్టింది. చిరుత వెనక్కి తిరిగైనా చూడలేదు.

మిగిలిన పిల్లతో కాటుక ముసలి ఎలుగు దగ్గరికి వెళ్లింది. “అంత కొట్టినా అదెందుకు వదల్లేదు తాతా?”

“ఉత్త చేత్తో కొట్టావమ్మా. కాలు నేలకు తన్నిపెట్టి నడుము తిప్పు. చెయ్యి దాని వెనకే రావాలి.”

వానాకాలమంతా కాటుక పిల్ల ఎదుటే ఎండుమొద్దులను కొట్టి పగలగొట్టింది. చలికాలంలో చిరుత మళ్లీ వచ్చింది. కాటుక నడుము తిప్పి ఒక్కటే కొట్టింది. చిరుత మెడ విరిగి అక్కడే చచ్చింది.

కాటుక రొప్పుతూ పిల్లకేసి చెయ్యి చాపింది. పిల్ల ఆ చేతిని చూసి బెదిరి పొదలోకి దూరింది. ఎంత పిలిచినా బయటికి రాలేదు.